చుక్కలక్క విన్న లెక్క

అచ్చుగదిలో బల్బు మాడిపోయిందన్న సంగతి తనిఖీకి వచ్చిన అధికారి చెబితే గాని చుక్కలక్కకు తెలియలేదు. ఎప్పుడు మాడిందంటే ఎవరూ చెప్పలేరు. ఏడాది కావచ్చు, నాలుగేళ్ళు కావచ్చు. ఆ గదిలో పనిచేసేది ఆమె ఒక్కతే, ఆమెకు నాలుగో ఏటనే జ్వరంతో చూపు పోయింది. స్విచ్చి మాత్రం రోజూ పొద్దున రాగానే వేసేది, సాయంత్రం వెళ్ళేటప్పుడు తీసేసేది. ఎవరైనా వస్తే పాపం చీకట్లో తడుముకోకూడదు కదా అని ఆమె ఆలోచన.

"ఇక్కడ లైటు లేదమ్మా" అన్నాడు అధికారి గుమ్మంలోనే నిలబడి, వీధి చివరికి వినిపించేంత గొంతుతో. చూపు లేనివాళ్ళకు చెవులు కూడా సరిగా పనిచేయవనుకునే మంచివాళ్ళు లోకంలో కొల్లలు. ఈయనా ఆ కోవలోనివాడే. మనిషి చెడ్డవాడు కాదు. కిటికీ తలుపులు తనే తెరుచుకున్నాడు, లేచిన దుమ్ముకు వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు, తర్వాత సంచీలోంచి కాగితాలు తీశాడు. ఆ కాగితాల గలగల వినగానే చుక్కలక్క గుండె జారింది.

ఎందుకు జారిందో చెప్పాలంటే ముందు ఆ గది సంగతి చెప్పాలి.

అది చూపులేని పిల్లల బడి. ఆ బడి పుస్తకాలు దాదాపు అన్నీ ఈ గదిలోనే తయారవుతాయి. గది మధ్యలో చుక్కల మిషను ఉంది. దళసరి కాగితం మీద చుక్కలు పొడుస్తుంది, పిల్లలు వాటిని వేళ్ళతో తడిమి చదువుకుంటారు. మిషను పక్కన పాత కంప్యూటరు. ఏది పొడవాలో మిషనుకు చెప్పేది అదే. దానికి తెర లేదు. తెర ఎవరికోసం? తెర బదులు ఒక మాట్లాడే పెట్టె ఉంది, అక్షరాలను ముక్కుతో పలుకుతుంది. చుక్కల మిషను తీగ తగిలించే పలక పాత కంప్యూటర్లలోనే పడుతుంది. కొత్తవాటిలో దానికి గాడే లేదు. అంటే ఈ పాతది పోతే మిషనూ పోయినట్టే, మిషను పోతే గదికి తాళమే.

ఇన్నాళ్ళూ బండి సాఫీగానే నడిచింది. ఈ ఏడు పైనుంచి ఒక కబురు వచ్చింది. ఇకమీదట పాఠ్యపుస్తకాలన్నీ కొత్త ప్రోగ్రాంలోనే పంపుతారట. ఆ ప్రోగ్రాం నడవాలంటే కంప్యూటరులో మెమరీ తొంభై ఆరు ఎంబీలకు తగ్గకూడదట. తగ్గినచోట అచ్చుగది మూసేసి, పుస్తకాలు రాజధానిలో వేయించి లారీలో పంపుతారట. లారీలో వచ్చే పుస్తకాల సంగతి ఆ బడికి తెలియనిది కాదు. నిరుడు ప్రయోగంగా అలా పంపిన ఒకే ఒక్క లెక్కల పుస్తకం పరీక్షలు అయిపోయిన మూడో రోజున వచ్చింది. ఇప్పుడు పదో తరగతి పిల్లలు పదకొండు మంది కొత్త సైన్సు పుస్తకం కోసం కూర్చున్నారు. పుస్తకం ఫైలు వచ్చి నెలయింది. దాన్ని తెరిచే ప్రోగ్రామే లేదు. ప్రోగ్రాం డిస్కు ఈ అధికారి సంచీలో ఉంది. కంప్యూటరు సరిపోతుందని ఆయన రాస్తే డిస్కు బయటికి వస్తుంది, లేకపోతే సంచీలోనే తిరిగి వెళ్ళిపోతుంది.

గది మూస్తే చుక్కలక్కను మళ్ళీ కుర్చీల అల్లికకు పంపుతారు. చూపు లేనివాళ్ళంటే కుర్చీలు అల్లుకోవాల్సిందే అని ఎవరో ఎప్పుడో తీర్మానించారు. పద్దెనిమిదో ఏట నుంచి తొమ్మిదేళ్ళు ఆమె అదే పని చేసింది. పని మీద ఆమెకు చిన్నచూపు లేదు, ఆమె అల్లిన కుర్చీలు ఇప్పటికీ పెద్ద టీచరుగారి గదిలో ఉన్నాయి. కానీ కుర్చీ అల్లేటప్పుడు ఆమె వేళ్ళు ఏమీ చదివేవి కావు. ఈ గదిలోకి వచ్చాక పందొమ్మిదేళ్ళలో ఆమె వేళ్ళ కిందనుంచి వెళ్ళని పుస్తకం ఆ బడిలో లేదు. పిల్లలు ఆమెకు ఆ పేరు పెట్టింది అందుకే. అసలు పేరు జీతాల చిట్టాలో తప్ప ఎక్కడా లేదు. బస్సు నడిపే ఆమె మొగుడు కూడా అలాగే పిలుస్తాడు. అక్క అంటే నాకు ఏమవుతావే అని తనే మళ్ళీ నవ్వుతాడు.

ఇలాంటి తనిఖీ ఆమెకు కొత్త కాదు. ఆరేళ్ళప్పుడు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఇదే బడికి తీసుకొచ్చింది. చేర్చుకునే ముందు పిల్లల తెలివి కొలవడానికి ఒక ఉద్యోగి ఉండేవాడు. ఆయన దగ్గర అట్టముక్కల మీద వేసిన బొమ్మలు ఉండేవి. ఒక్కొక్క అట్టా పిల్ల ముఖం ముందు పట్టుకుని ఇదేమిటి, అదేమిటి అని అడిగాడు. పిల్ల నోరు విప్పలేదు. ఆయన సున్నా వేసి, బుద్ధి తక్కువ అని రాశాడు. అమ్మమ్మకు చదువు రాదు గాని నోరు ఉంది. "మా పిల్లకి బుద్ధి తక్కువ కాదు బాబూ, నీ ప్రశ్నకే కళ్ళెక్కువయ్యాయి. చెవులతో చెప్పేది ఒక్కటి అడుగు" అంది. ఆయన ఏమడగాలో తోచక, నీకేం వచ్చు అన్నాడు. గేటు దగ్గర్నుంచి ఈ కుర్చీ దాకా నూట పన్నెండు అడుగులు, మధ్యలో ఏడు మెట్లు, అందులో మూడోది కదులుతోంది అని చెప్పింది పిల్ల. ఆయన లేచి వెళ్ళి చూసొచ్చాడు. కదులుతోంది. సున్నా కొట్టేశాడు.

ఇప్పుడు ఈ అధికారి ఏం రాస్తాడో అని ఆమె చెవులన్నీ ఆయన కలం మీదే పెట్టుకుంది.

పెద్ద టీచరుగారి గదిలోంచి లావుపాటి పాత తెర ఒకటి మోయించుకొచ్చి కంప్యూటరుకు తగిలించారు. రెండింటికీ ఒకటే స్విచ్చిబోర్డు. అధికారి తన సంచీలోంచి మెమరీ కొలిచే డిస్కు పెట్టి, నాలుగు మీటలు నొక్కి, "అరవై నాలుగమ్మా" అని కేకేశాడు. తొంభై ఆరు కావాలి, అరవై నాలుగే ఉంది. చేసేదేముంది?

"నూట ఇరవై ఎనిమిది ఉండాలి సార్" అంది చుక్కలక్క.

ఎలా తెలుసని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. రెండేళ్ళ క్రితం మీటల పలక బాగుచేయడానికి ఒక మెకానిక్కు వచ్చాడు. తన మేనకోడలికి ఈ బడిలో సీటు దొరికిందన్న సంతోషంలో, ఎక్కడో పారేసిన కంప్యూటరులోంచి తీసిన మెమరీ పలకలు రెండు తెచ్చి ఇందులో దిగేసి, అక్కా రెట్టింపు చేశాను అని చెప్పి వెళ్ళాడు. దానికి రసీదు ఉందా అన్నాడు అధికారి. లేదు. రిజిస్టరులో ఎక్కిందా? లేదు. ఆ మెకానిక్కు ఎక్కడున్నాడు? ఊరు మారాడు. అధికారి నిట్టూర్చాడు. పారేసినవాటిలోంచి తీసినవి ఎన్నాళ్ళు ఉంటాయమ్మా, ఎప్పుడో పాడయి ఉంటాయి అన్నాడు జాలిగా. కోపంగా అన్నా బాగుండేది, జాలికి ఎదురు చెప్పడం కష్టం.

అచ్చుగదికి ఆమె సొంతంగా రాసుకునే చుక్కల రిజిస్టరు ఒకటి ఉంది. అందులో కూడా ఎక్కించమన్నాడు. చేత్తో చుక్కలు రాసే పలకా పొడుపుపుల్లా తీసి, మెమరీ అరవై నాలుగు అని పొడిచింది. ఆ రెండు అంకెలకే చెయ్యి నొప్పి పుట్టింది.

ఫారం మిగతా గడులు నింపి, టీ తాగి, నాలుగు గంటల బస్సుకు వెళతానని అధికారి పెద్ద టీచరుగారి గదికి వెళ్ళాడు. చుక్కలక్క ఒక్కతే మిగిలింది. ఏడుపు వచ్చింది. అంతలో ఆమెకు ఒక అనుమానం పట్టుకుంది. నిజంగానే ఆ పలకలు పాడయి ఉంటే? తను రెండేళ్ళుగా ఉన్నాయనుకుంటున్నవి లేకపోతే?

కంప్యూటరు ఆపి, తీగ పీకి, ఒంట్లోని కరెంటు పలకలకు తగలకుండా ముందు ఇనుప అంచు తాకి, తర్వాత మూత తీసింది. లోపల నాలుగు పలకలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ వేలితో తడిమింది. రెండు చివర్లలో కొక్కేలు బిగిసే ఉన్నాయి, ఏదీ పక్కకు ఒరగలేదు. మూత పెట్టి, తీగ తగిలించి, స్విచ్చి వేసి, చెవి దగ్గర పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి ఉంది. ఈ పాత కంప్యూటరు నిద్ర లేవగానే చేసే మొదటి పని తన మెమరీని తనే లెక్కపెట్టుకోవడం. లెక్కపెట్టిన ఒక్కొక్క ఎంబీకీ టిక్కుమని చిన్న చప్పుడు చేస్తుంది. మాట్లాడే పెట్టె అప్పటికి ఇంకా లేవదు కాబట్టి ఆ లెక్కను చదివి చెప్పేవాళ్ళు లేరు. చూపున్నవాళ్ళెవరూ ఆ చప్పుడును పట్టించుకోరు. చుక్కలక్క పొద్దున్నే వినేది అదే. మొదట్లో అరవై నాలుగు టిక్కులు ఉండేవి. మెకానిక్కు వచ్చి వెళ్ళాక నూట ఇరవై ఎనిమిది. ఇప్పుడూ వేళ్ళు మడుస్తూ విన్నది. నూట ఇరవై ఎనిమిది. ఒక్కటి కూడా తగ్గలేదు.

మరి ఆయన డిస్కు ఎందుకు తక్కువ చెప్పింది? యంత్రం ఒకటే, ఉన్న మెమరీ ఒకటే. అడిగిన తీరులోనే ఏదో ఉండాలి. ఆమెకు అమ్మమ్మ గుర్తొచ్చింది. లేచి, గోడ పట్టుకోకుండా, వసారాలో ముప్పై నాలుగు అడుగులు వేసి పెద్ద టీచరుగారి గది తలుపు తట్టింది.

అధికారి టీ తాగుతున్నాడు. కూర్చున్నది ఆమె అల్లిన కుర్చీలోనే అని అది చేసిన కిర్రు చప్పుడును బట్టి తెలిసింది. మీ డిస్కు అరవై నాలుగు అని చెప్పిందా, ఇంకేదైనా అంకె చెబితే మీరు దాన్ని అరవై నాలుగుకు కుదించారా అని అడిగింది. ఆయన ఫారం తిరగేశాడు. డిస్కు చెప్పేది చిన్న కొలతలో, కేబీల్లో ఉంటుందని, వెయ్యీ ఇరవై నాలుగు కేబీలు ఒక ఎంబీ చొప్పున తానే మార్చానని ఒప్పుకున్నాడు. అది చెప్పిన అసలు అంకె చదివాడు. అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై అయిదు.

చుక్కలక్క ముఖమంతా నవ్వు పాకింది.

చుక్కలతో బతికేవాళ్ళకు ఒక లెక్క వేళ్ళలోనే ఉంటుంది. ఒక చుక్క ఉంటే రెండు రకాలు, లేచి ఉండడం, లేవకపోవడం. రెండు చుక్కలుంటే నాలుగు రకాలు. చుక్క పెరిగినప్పుడల్లా రెట్టింపు. వాళ్ళ అక్షరానికి ఆరు చుక్కలు, అరవై నాలుగు రకాలు. పిల్లలకు నిద్ర పట్టనప్పుడు ఈ రెట్టింపు లెక్క ఎక్కడిదాకా వెళుతుందో పందెం వేసుకోవడం ఆ బడిలో పాత ఆట. చుక్కలక్క తన కాలంలో ఇరవై చుక్కల దాకా తడబడకుండా వెళ్ళేది. పదహారు చుక్కలకు అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై ఆరు రకాలు. ఖాళీ గడిని సున్నా అనుకుంటే, పదహారు చుక్కలూ లేచి నిలబడ్డప్పుడు వచ్చే అంకె దానికి ఒకటి తక్కువ. సరిగ్గా ఆయన చదివిన అంకె.

"మెమరీ పలకలు జంటలు జంటలుగా వస్తాయి సార్. బేసి అంకె ఎలా వస్తుంది?" అంది. "మీ డిస్కు లెక్క రాసుకోవడానికి దానికి పదహారు చుక్కలే ఇచ్చారు. పదహారూ లేచాయి. ఇంకా లెక్కపెడదామంటే దాని దగ్గర చుక్కలు లేవు."

"ప్రోగ్రాం అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు అధికారి.

"అబద్ధమని నేననలేదండి. బావిలోకి చెంబు దించితే చెంబెడు నీళ్ళే వస్తాయి. బావిలో ఉన్నవి అంతే అంటామా?"

పెద్ద టీచరుగారు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. అంతవరకూ మాట్లాడని ఆవిడ కాగితం తీసుకుని రెండును రెట్టింపు చేసుకుంటూ పోయి, పదహారో మెట్టు దగ్గర కలం ఆపి, టీ తర్వాత తాగొచ్చు లేవండి అంది. ఆవిడ లేవమంటే లేవనివాళ్ళు ఆ బడిలో ఇంతవరకూ పుట్టలేదు.

అచ్చుగదికి వచ్చాక ముచ్చట మొదలైంది. అధికారి అలవాటు కొద్దీ మూడు మీటలు కలిపి నొక్కి కంప్యూటరును తిరిగి లేపాడు. ఒక్క టిక్కు కూడా వినపడలేదు. అలా లేపితే అది లెక్కపెట్టదు సార్, కునుకు తీసి లేచినట్టే లేస్తుంది, కరెంటు పోయి వస్తేనే లెక్కపెడుతుంది అంది చుక్కలక్క. సరేనని బోర్డు మీద స్విచ్చి తీసి వేశాడు. ఈసారి టిక్కులు మొదలయ్యాయి. ఆమె పైకే లెక్కపెట్టింది. కానీ తెర కూడా ఆ బోర్డు మీదే ఉందాయె. లావుపాటి ముసలి తెర వేడెక్కి వెలిగేసరికి లెక్క ఎప్పుడో అయిపోయి, వేరే అక్షరాలు వచ్చి కూర్చున్నాయి.

నూట ఇరవై ఎనిమిది విన్నారు కదా సార్ అంది. విన్నాడు. కానీ ఫారంలో చూసినది రాయడానికి గడి ఉంది, విన్నది రాయడానికి లేదు. ఆ మాట ఆయన కొంచెం సిగ్గుపడుతూనే చెప్పాడు.

చుక్కలక్క విసుక్కోలేదు. తెర తీగను వెతికి పట్టుకుని, పీకి, చుక్కల మిషను ప్లగ్గు పక్కన ఖాళీగా ఉన్న వేరే గోడ ప్లగ్గులో పెట్టింది. ఇప్పుడు తెర వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటరును ఒక్కదాన్నే ఆపి వేయండి అంది. మూడోసారి స్విచ్చి పడింది.

టిక్కు, టిక్కు, టిక్కు. అధికారి తెర ముందు వంగి అంకెలు చదవడం మొదలుపెట్టాడు. పదివేలు. ఇరవై వేలు. నలభై. చుక్కలక్క చేతులు కట్టుకుని నిలబడింది. ఎన్ని వేల సార్లు విన్న చప్పుడో, అయినా గుండె దానికంటే వేగంగా కొట్టుకుంటోంది. అరవై వేలు అన్నాడు ఆయన. అరవై నాలుగు అన్నాడు. అరవై అయిదు అన్నాడు.

తర్వాత ఆయన గొంతు ఆగింది. టిక్కులు ఆగలేదు.

డెబ్భై దాటాక మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు, చాలా మెల్లగా. చివరి అంకె ఒక లక్షా ముప్పై ఒక్క వేల డెబ్భై రెండు. పెద్ద టీచరుగారు దాన్ని అక్కడే వెయ్యీ ఇరవై నాలుగుతో భాగించి నూట ఇరవై ఎనిమిది అని చెప్పింది, శేషం లేదని కూడా చెప్పింది.

అధికారి సంచీ జిప్పు తీసిన చప్పుడు వినిపించింది, తర్వాత ఒక కాగితం తిరిగింది, ఇంకొకటి తిరిగింది. ప్రోగ్రాం డిస్కు కోసం వెతుకుతున్నాడు కాబోలు అనుకుంది చుక్కలక్క. కాదు.

"ఈ నెలలో దీనికి ముందు రెండు బడులు చూశానమ్మా" అన్నాడు. ఆ మాట కేక వేసి అనలేదు. ఎదురుగా ఉన్న మనిషితో మనిషి మాట్లాడే మామూలు గొంతుతో అన్నాడు, పొద్దుటినుంచి అదే మొదటిసారి. "రెండుచోట్లా ఇదే అంకె వచ్చింది. చివర ఇదే ముప్పై అయిదు. రెండూ మూసేయమని రాసిచ్చాను. రెండోచోట ఒకాయన టిక్కుల గురించి ఏదో చెప్పబోయాడు. నేను బస్సు తొందరలో ఉన్నాను."

చుక్కలక్కకు ఒక్క క్షణం కోపం వచ్చింది. నిజమైన కోపం. ఆ ఒకాయన ఎవరో ఆమెకు తెలియదు, కానీ ఆయన ఎలా కూర్చుని ఉంటాడో తెలుసు. ఇప్పటికి ఆయన చేతిలో కుర్చీ అల్లే పేము ఉండి ఉంటుంది.

"బస్సులు చాలా ఉన్నాయి సార్. మా ఆయన నడిపేది అయిదున్నరకుంది" అంది. "ముందు ఫోను చేయండి. మూడు మీటలు నొక్కొద్దని చెప్పండి. తెర తీగ వేరే ప్లగ్గులో పెట్టమనండి. ఆ టిక్కుల ఆయన్నే లెక్కపెట్టమనండి."

అధికారి ప్రోగ్రాం డిస్కు ఆమె చేతిలో పెట్టి, వసారాలో దాదాపు పరుగెత్తుకుంటూ ఫోను దగ్గరికి వెళ్ళాడు. పెద్ద టీచరుగారు నంబర్లు చదువుతుంటే ఆయన తిప్పుతున్న చప్పుడు అచ్చుగదిలోకి వినిపించింది.

డిస్కు ఎక్కడానికి పావుగంట పట్టింది. మెమరీ చాలదని మాట్లాడే పెట్టె ఒక్కసారి కూడా అనలేదు. ఆ పావుగంటలో చుక్కలక్క రిజిస్టరు తీసి పొద్దుటి వరస వెతికింది. చుక్కల రాతలో రబ్బరు పనికిరాదు, పొడిచిన చుక్క పొడిచినట్టే ఉంటుంది. తప్పు పడితే ఆ గడిలో ఆరు చుక్కలూ పొడిచేస్తారు. అన్నీ లేచిన గడి వేలికి తగిలితే, ఇది అక్షరం కాదు, ఇక్కడ తప్పు జరిగింది, ముందుకు వెళ్ళు అని అర్థం. ఆ బడిలో మొదటి తరగతి పిల్లకు కూడా అది తెలుసు. అరవై నాలుగు మీద ఆరేసి చుక్కలు పొడిచి, పక్కన నూట ఇరవై ఎనిమిది అని వేసింది.

తర్వాత సైన్సు పుస్తకం ఫైలు తెరిచి, చుక్కల మిషను మీట నొక్కింది. మిషను దడదడమని మొదలైంది. ఆ చప్పుడుకు పక్క గదిలో పదో తరగతి పాఠం ఆగిపోయింది. మొదటి కాగితం బయటికి వచ్చేలోపే గుమ్మంలో పాదాల చప్పుళ్ళు మొదలయ్యాయి. అలవాటు కొద్దీ వాటినీ లెక్కపెట్టింది. పదకొండు.